వెయ్యి చెప్పే సాక్షి

ఆ షెడ్డులో ఎండ కాసే గది ఒకటే ఉంది. దానికి కిటికీ లేదు.

గోడలకి నల్లరంగు, తలుపుకి నల్లగుడ్డ. మధ్యలో తెల్లరేకు పరిచిన బల్ల. బల్ల పైన, చెయ్యెత్తితే అందేంత ఎత్తులో పెద్ద దీపం. దీపం కింద చట్రంలో బిగించిన అద్దం. దీపం వెలుగు ఉత్తినే ఎండ అయిపోదు. ఆ అద్దంలోంచి వడకట్టుకుని దిగితేనే ఎండలాంటి ఎండ అవుతుంది. షెడ్డులో ఎవరు ఏ సోలార్ పలక చేసినా అది ఆ బల్లమీద పడుకోవాలి, ఆ ఎండ కాగాలి. ఎంత కరెంటు ఇచ్చిందో మీటరు ముల్లు చెప్పాలి. అప్పుడే అది పలక. అందాకా గాజుముక్క.

ఆ గది చూసుకునే మనిషిని అందరూ ఎండాయన అంటారు. ఇరవై ఆరేళ్ళుగా చీకటిగదిలో కూచుని ఎండ కాయిస్తున్నాడు. బయటి ఎండ మొహం ఆయన చూసేది పనికి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ, అంతే. మాట తక్కువ. మా ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలని భార్య నలుగురిలో అంటూ ఉంటుంది. ఆయన దానిక్కూడా ఏమీ అనడు.

బల్ల మూలన అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటుంది. అందులో పాతకాలపు మందపాటి పలక ముక్క, సీలు వేసి. దాని పేరు సాక్షి. పొద్దున్నే దీపం వెలిగించి ముందు సాక్షిని అడగాలి. సాక్షి ముల్లు వెయ్యి దగ్గర నిలబడితే, గదిలో మిట్టమధ్యాహ్నం అయినట్టు. తక్కువ చూపిస్తే రెగ్యులేటరు తిప్పి దీపాన్ని కాస్త పెంచాలి. ఒకసారి సాక్షి వెయ్యి అన్నాక ఇక తిరుగులేదు. ఆ ఎండలో ఎంత ముల్లు కదిలితే అంతే ఆ పలక బతుకు. ఎండాయన పుస్తకంలో రాసేస్తాడు. ఆయన రాసిందాన్ని కాదన్నవాడు ఇంతవరకు లేడు.

ఇక దీపం కింది అద్దం. అది పదకొండేళ్ళ నాటిది. అమ్మినవాళ్ళు రెండేళ్ళకోసారి మార్చమని చెప్పారు. ఎండాయన మార్చలేదు. రోజూ మెత్తటి గుడ్డతో చంటిపిల్లకి మొహం తుడిచినట్టు తుడుస్తాడు. గీత పడలేదు, బీట పడలేదు. మార్చడం ఎందుకు? షెడ్డు చూడ్డానికి ఎవరొచ్చినా మేస్త్రి వాళ్ళని నల్లగదిలోకి తీసుకొచ్చి, మా బావ చేతిలో అద్దానికి ముసలితనం రాదండీ అని చూపించేవాడు. మేస్త్రి ఆయనకి సొంత బావమరిది, భార్యకి తమ్ముడు. ఆ పొగడ్తకి ఎండాయన తల కూడా ఊపేవాడు కాదు. వాళ్ళు వెళ్ళాక మాత్రం అద్దాన్ని ఇంకోసారి తుడిచేవాడు.

ఆయన కూతురూ ఆ షెడ్డులోనే పని. ఎనిమిదేళ్ళు టంకం వరసలో కూచుంది. పలకకీ పలకకీ మధ్య తీగ పెట్టి, వేడికడ్డీతో అతకడం. ఆ పొగ గొంతులో దిగి, ఆమె దగ్గు ఇంట్లో గిన్నెలకి కూడా తెలిసిపోయింది. రెండేళ్ళ కిందట పట్టుబట్టి వెనకగదిలో ఒక బల్ల సంపాదించుకుంది. అక్కడ కొత్తరకం పలక చేస్తుంది. అందరివీ మందంగా, నల్లగా, పెళుసుగా ఉంటే, ఆమెది గాజుమీద పలచటి పూత. వార్నిష్ పూసినంత పలచన. వంగపండు రంగు. వెలుగుకి ఎత్తి పట్టుకుంటే అవతలి మనిషి లీలగా కనిపిస్తాడు, కలలో కనిపించినట్టు.

షెడ్డులో కొత్తరకానికి మూడు అవకాశాలు. ముల్లు నలభై దాటితే నిలిచినట్టు. మూడుసార్లూ దాటకపోతే బల్ల ఎత్తేస్తారు. ఆమె మొదటి పలక తండ్రి గదిలో ముప్పై ఒకటి ఇచ్చింది. ఆరునెలలు రాత్రీపగలూ ఆలోచించి చేసిన రెండోది ముప్పై ఇచ్చింది. ఎండాయన రెండు అంకెలూ మిగతావాటిని రాసినట్టే గుండ్రంగా రాశాడు. మూడోసారి తప్పితే ఆమె మళ్ళీ టంకం వరసలోకి పోవాలి. అది ఆమెకీ తెలుసు, తల్లికీ తెలుసు, రాసిన ఆయనకీ తెలుసు.

రెండో అంకె రాసిన రోజున ఆమె గుమ్మంలో నల్లగుడ్డ పట్టుకుని నిలబడింది.

"నా కిటికీ దగ్గర పెడితే ఇది బతికే ఉంటుంది నాన్నా. నీ గదిలోకి వస్తేనే చచ్చిపోతోంది."

"కిటికీ మాట కొలత కాదమ్మా" అన్నాడు ఆయన.

ఆ తర్వాత ఆమె ఆ సంగతి ఎత్తలేదు. ఇంట్లో తండ్రికి మంచినీళ్ళు ఇస్తుంది, చెప్పులు ఎక్కడున్నాయో చెబుతుంది, కానీ పలక మాట మాత్రం ఎత్తదు. ఆ మౌనం ఆయనకి కొత్త. మాట్లాడకపోవడం ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఆయన ఒక్కడి సొత్తు.

మూడో పలక తయారవుతుండగా ఎండాయన కళ్ళ సంగతి బయటపడింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ముందు కుడి కన్ను చేద్దాం, ఎడమది కొన్నాళ్ళాగి చూద్దాం అన్నాడు కంటి డాక్టరు. మేస్త్రి పదిరోజులు సెలవిచ్చాడు. బావ వచ్చిన తర్వాతే గురువారం నాడు మూడో పరీక్ష పెడదామన్నాడు.

కట్టు విప్పిన పొద్దున ముందు వచ్చింది నీలం.

నర్సు వేసుకున్న తెల్లకోటు అంచుల్లో నీలం. బక్కెట్లో నీళ్ళ మీద నీలం. కిటికీ అవతల గోడ నీడలో, నీడ నల్లగా ఉంటుందనుకున్న చోట, పలచగా నీలం. ఎవరో రాత్రికి రాత్రి లోకాన్ని చన్నీళ్ళలో జాడించి ఆరేసినట్టుంది. ఆయన మంచం మీద కూచుని ఆ నీడనే చూస్తూ ఉండిపోయాడు. నర్సు మూడుసార్లు పిలిచింది. వినపడలేదు.

ఇంటికొచ్చాక ఆయనకి ఒక ఆట దొరికింది. ఒక కన్ను మూసి రెండో దానితో చూడటం. ఎడమ కంటికి అంతా సాయంత్రమే. గోడలు, గిన్నెలు, మనుషుల మొహాలు, అన్నిటిమీదా పొద్దువాలిన పసుపు. కుడి కంటికి అంతా తెల్లవారుజామే. ఒకే వీధిలో, ఒకే బస్సులో, ఒకే కుర్చీలో కూచుని ఆయన పొద్దుకీ సాయంత్రానికీ మధ్య ఇటూ అటూ తిరిగి వస్తున్నాడు. ఇన్నేళ్ళు తను సాయంత్రంలోనే నివాసం ఉండిపోయినట్టు తోచింది. ఎప్పుడు అక్కడికి చేరాడో మాత్రం తెలియలేదు.

మంచం మీద దుప్పటి చూసి, ఇది కొత్తదా అని అడిగాడు. భార్య చేస్తున్న పని ఆపి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. అది ఏడేళ్ళ నాటి దుప్పటి. ఏడేళ్ళూ ఆయన దాన్ని చూసి, తెలుపు రాలేదు, సరిగ్గా ఉతకలేదు అని గొణిగేవాడు. ఆవిడ మళ్ళీ నానబెట్టి మళ్ళీ ఉతికేది.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారు. నీకు కామెర్లు కూడా లేకపోయె. మాసింది దుప్పటి కాదయ్యా, నీ కన్ను. నా చేతులు ఎవరిస్తారు తిరిగి?"

అని, నవ్వి, ఆయన నెత్తి మీద తడిచేత్తో ఒక్కటి వేసింది. ఆయన కూడా నవ్వాడు. కూతురు పక్కగదిలోంచి తొంగిచూసి, నవ్వాలా వద్దా అన్నట్టు నిలబడి, వెళ్ళిపోయింది.

సోమవారం ఆయన పనిలోకి వెళ్ళాడు. నల్లగుడ్డ తొలగించి లోపలికి నడిచాడు. ఇరవై ఆరేళ్ళ అలవాటు, చీకట్లోనే చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. దీపం వెలిగింది. సాక్షి ముల్లు లేచి, వణికి, వెయ్యి దగ్గర నిలబడింది. అంతా సవ్యంగానే ఉంది.

అప్పుడు అలవాటైపోయిన ఆట కొద్దీ ఎడమ కన్ను మూశాడు.

బల్ల మీద తెల్లరేకు టీ ఒలికినట్టుంది. ముందు ఆయనకి భయం వేసింది, డాక్టరు చేసిన కన్ను పాడయిందేమోనని. తలుపు దగ్గరికి వెళ్ళి గుడ్డ ఎత్తి, బయటి వెలుగులో చెయ్యి చూసుకున్నాడు. చెయ్యి చెయ్యిలాగే ఉంది, గోళ్ళ కింద నీలంతో సహా. తిరిగి వచ్చి బల్ల చూశాడు. టీ రంగు. ఎడమ కన్ను తెరిచి కుడిది మూశాడు. అప్పుడు బయటా లోపలా ఒకటే రంగు, ఏ తేడా లేదు.

దీపం ఆపి, చల్లారేదాకా కూచున్నాడు. తర్వాత చట్రానికున్న నాలుగు మరలు విప్పి అద్దాన్ని కిందికి దించి ఒక తెల్లకాయితం మీద పెట్టాడు.

చట్రం కింద దాగి ఉన్న అంచు, వేలెడు వెడల్పున, మంచినీళ్ళలా ఉంది. లోపలిదంతా తేనె. పదకొండేళ్ళు దీపం వేడినీ వెలుగునీ తాగి తాగి అద్దం పండిపోయింది. రోజూ తుడిచిన గుడ్డకి అంటలేదు, ఎందుకంటే అది మురికి కాదు. అద్దం ఒంట్లోకి దిగిన రంగు. ఇన్నేళ్ళు తన కన్నూ ఆ అద్దమూ ఒకే గానుగకి కట్టిన జోడెద్దుల్లా అడుగులో అడుగేసుకుంటూ పచ్చబడ్డాయి. ఏ ఒక్కటి వెనకబడినా రెండోదాన్ని పట్టించేది. రెండూ కలిసి నడిచాయి.

మరి సాక్షి ఎందుకు చెప్పలేదు? ఆయన ఆ పెట్టెని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. చదివింది మూడో తరగతి దాకా. కానీ చేసేపని చేతికి తెలుసు. సాక్షి పాతకాలపు మందపాటి పలక. దానికి ఎరుపు ఇష్టం. నీలం పెడితే తింటుంది గానీ, ఎరుపుతోనే కడుపు నింపుకుంటుంది. అద్దం నీలాన్ని మింగేసినప్పుడల్లా సాక్షి ముల్లు ఒక్క గీత తగ్గేది. తను రెగ్యులేటరు తిప్పేవాడు. దీపం ఇంకాస్త మండి ఇంకాస్త ఎరుపు కురిపించేది. సాక్షి మళ్ళీ వెయ్యి అనేది. కడుపు నిండిందా లేదా అన్నదే చెబుతుంది సాక్షి. ఏం తిన్నదో చెప్పదు. ఆ సంగతి దాన్ని ఎవరూ అడగలేదు.

కూతురి పలక వేరు. అది నీలం తినే జాతి. ఎప్పుడో మొదట్లో ఆమె చెప్పింది కూడా, దీనికి ఆకాశం కావాలి నాన్నా అని. పిల్ల ముచ్చటగా ఏదో అంటోందనుకున్నాడు. ఆకలితో వచ్చినదాన్ని తన బల్ల మీద పడుకోబెట్టి, అది తినలేని కూడు కుండలకొద్దీ వడ్డించి, నీకు సత్తువ లేదని రెండుసార్లు రాశాడు.

అలమరలో కింది అరలో కాయితం చుట్టిన అద్దం ఒకటుంది. పదకొండేళ్ళ కిందట దీపంతోబాటు వచ్చింది, విప్పలేదు. అది తీసి చట్రంలో బిగిస్తే చాలు. గురువారం ముల్లు దానంతటదే నలభై దాటుతుంది. పాత అద్దాన్ని గుడ్డలో చుట్టి పెంటకుప్ప మీద పడేస్తే, ఎవరికీ ఏమీ చెప్పుకోవాల్సిన పని ఉండదు.

చెయ్యి అలమర దాకా వెళ్ళింది. కొత్త అద్దం చల్లగా, బరువుగా ఉంది. దాన్ని పట్టుకుని ఆయన అక్కడే కూచున్నాడు.

ముప్పై ఇచ్చిన పలక ఒక్కసారిగా నలభై రెండు ఇస్తే నలుగురూ ఏమంటారు? కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. పైకి అనరు. గిన్నెలు విప్పుకుని అన్నం తినేటప్పుడు అంటారు. కూతురు గెలిచినా ఆ గెలుపు తండ్రి చేతిదే అవుతుంది. అలా కాదు, పలక మంచిదే, నా ఎండే తప్పు అని చెబితే ఆమె పలక నిలుస్తుంది. ఆయన పదకొండేళ్ళుగా రాసిన అంకెలన్నీ పడిపోతాయి. ఇంకొకటి కూడా ఉంది. ఆ వెనకగది బల్ల దగ్గర కూతురికి ముందు ఒకతను ఉండేవాడు. పొడుగాయన అనేవాళ్ళు, గుమ్మం దగ్గర ఎప్పుడూ తల వంచేవాడు. అతనూ పలచటి పలకలే చేశాడు. మూడూ తప్పాడు. మూడోసారి, ఇంకోసారి కొలవండి అని బతిమాలితే, సాక్షి అబద్ధం చెప్పదయ్యా అన్నాడు ఎండాయన. పొడుగాయన సామాను సర్దుకుని, గుమ్మం దగ్గర తల వంచి, వెళ్ళిపోయాడు.

మంగళవారం ఆయన ఏమీ చెప్పలేదు. బుధవారమూ చెప్పలేదు. ఆ సాయంత్రం కూతురు అరుగు మీద కూచుని గోళ్ళకి అంటిన వంగపండు రంగుని కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటోంది. తలెత్తకుండానే తండ్రితో అంది.

"రేపు తక్కువొస్తే వెంటనే చెప్పెయ్ నాన్నా. నా మొహం చూసి ఆలస్యం చెయ్యకు."

ఆయన అరుగు అంచున కూచున్నాడు. ఎడమ కన్ను మూశాడు. దిగుతున్న చీకట్లో ఆమె వేళ్ళు ఇంకా కొంచెం నీలంగానే ఉన్నాయి.

గురువారం మేస్త్రి, కూతురు, టంకం వరసలోంచి ఇద్దరు ముగ్గురు నల్లగదిలోకి వచ్చారు. కూతురు తెల్లగుడ్డలో చుట్టిన పలకని బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది. ఎండాయన దీపం వెలిగించలేదు. గోడకి ఆనించి ఉన్న పాత అద్దాన్ని తీసి తెల్లకాయితం మీద పెట్టి, చిన్న లైటు వేశాడు.

"నా ఎండ చెడిపోయింది" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. మేస్త్రి అద్దం మీదికి వంగి, అంచు చూసి, మధ్య చూసి, ఇదేంటి బావా, ఎవరైనా దీనిమీద టీ పోశారా అన్నాడు. ఎండాయన చెప్పడం మొదలెట్టాడు. ఆయన నోట అన్ని మాటలు ఒక్కచోట ఎవరూ ఎప్పుడూ వినలేదు. అద్దం సంగతి చెప్పాడు. కంటి సంగతి చెప్పాడు. రెగ్యులేటరు ఎన్ని గీతలు తిప్పుకుంటూ వచ్చాడో చెప్పాడు. కడుపు నిండితే చాలనే సాక్షి సంగతి చెప్పాడు. మధ్యలో ఆగి, సరైన మాట కోసం వెతుక్కుని, దొరక్కపోతే చేత్తో చూపించాడు. మేస్త్రి మాత్రం సాక్షి పెట్టెనే చూస్తున్నాడు.

"వెయ్యి చెబుతోంది కదా బావా ఇది."

"చెబుతుంది. దానికి చాలింది కాబట్టి చెబుతుంది. అమ్మాయి పలకకి చాలలేదు."

టంకం వరసలోంచి వచ్చిన ఒకామె పక్కామె వైపు ఓరగా చూసింది. ఆ చూపు ఎండాయనకి తెలుసు. సోమవారం నుంచీ దాన్నే చూస్తున్నాడు, కళ్ళు మూసుకున్నా. అందుకే కొత్త అద్దం బిగించలేదు. నా గదిలో వద్దు, మిద్దె మీదికి పదండి, అందరూ చూస్తుండగా అసలు ఎండనే అడుగుదాం అన్నాడు.

మిద్దె మీద ఎండ లేదు. ఆకాశమంతా దూది ఏకి పరిచినట్టు మబ్బు. మేస్త్రి తల పట్టుకున్నాడు. సూర్యుడు కూడా మీ బావామరుదుల వేళాకోళంలో కలిశాడా అని ఒకామె అంది, అందరూ నవ్వారు. ఎండాయన నవ్వలేదు. ఒక మందపాటి నల్లపలక, పక్కన కూతురి పలక, మధ్యలో సాక్షి, మూడింటినీ నేలమీద వరసగా పరిచాడు. పెన్సిలు చెవిమీంచి తీశాడు.

మబ్బులో సాక్షి రెండువందలు అంది. మిట్టమధ్యాహ్నంలో అయిదో వంతు. నల్లపలక నిండు ఎండలో యాభై ఇస్తుంది, కాబట్టి ఇప్పుడు పది ఇవ్వాలి. తొమ్మిది ఇచ్చింది. కూతురి పలక తొమ్మిదిన్నర ఇచ్చింది. మేస్త్రి మీటరు మీద వేలితో తట్టాడు. ముల్లు కదల్లేదు.

"పలచటి మనిషికి చలి తక్కువా ఏంటి" అని గొణిగాడు.

మబ్బులో ఎరుపు నీరసపడుతుంది, నీలం నిలుస్తుంది అని కూతురు చెప్పింది. మెల్లిగా, ఎవరి వైపూ చూడకుండా. మబ్బు మొత్తం ఒక పెద్ద కిటికీ లాంటిదంది. ఎండాయన రాసుకుంటున్నవాడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ రాసుకున్నాడు.

ఒంటిగంట దాటాక మబ్బు చీలింది. ఎండ మిద్దె మీద పాలు పొంగినట్టు పరుచుకుంది. సాక్షి తొమ్మిదివందల అరవై అంది. కూతురి పలక ముల్లు లేచింది. ముప్పై దాటింది, తను ఎప్పుడూ ఆగే చోటు దాటింది, కాస్త ఊగి, నలభై ఒకటి దగ్గర నిలబడింది.

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టంకం వరస ఆడవాళ్ళు ఆమె భుజం పట్టుకున్నారు. నలభై దాటింది, పని అయిపోయింది, ఇక దిగుదాం పదండి అన్నాడు మేస్త్రి.

"ఇంకా ఉంది" అన్నాడు ఎండాయన.

ఇంకేముందని అందరూ అడిగారు. ఆయన కదల్లేదు. పావుగంటకోసారి మూడు ముళ్ళూ చూసి రాస్తూ కూచున్నాడు. ఆడవాళ్ళు వరసలోకి వెళ్ళిపోయారు. మేస్త్రి రెండుసార్లు కిందికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. మూడు అయింది, నాలుగు అయింది. ఎండ మెత్తబడి, నేలమీద వాళ్ళ నీడలు పొడుగ్గా సాగాయి. ఆ నీడల్లో నీలం ఉంది. నీడ అవతల ఎండ పండుతోంది. ఆయన ఒక కంటితో పొద్దునీ ఒక కంటితో సాయంత్రాన్నీ చూసుకుంటూ, నిద్రలో రాస్తున్నవాడిలా రాస్తున్నాడు.

పొద్దు వాలేకొద్దీ కూతురి పలక ముల్లు జారడం మొదలెట్టింది. ఎండ ఎర్రబడ్డ కొద్దీ నల్లపలక కంటే తొందరగా జారింది. సాక్షి మూడువందలు అన్నప్పుడు నల్లపలక పదిహేను ఇచ్చింది. నలభై లెక్కన కూతురిది పన్నెండు దాటాలి. ఎనిమిది ఇచ్చింది. మేస్త్రి గొంతుక్కూచున్నాడు. మొహం ముడుచుకుంది.

"నాన్నా, నలభై ఒకటి వచ్చింది కదా. చాల్లే, ఇక తీసెయ్." కూతురి గొంతులో దగ్గు అడ్డం పడింది. "మావయ్య చూస్తున్నాడు."

ఆయన ఆమె వైపు తిరిగాడు. రెండు కళ్ళతోనూ చూశాడు.

"ఒక్క అంకె నమ్ముకునే నిన్ను రెండుసార్లు పడగొట్టానమ్మా. ఇప్పుడు అది నీకు బాగుందని మళ్ళీ ఒక్కటే రాయమంటావా?"

ఆమె తల వంచుకుంది. తర్వాత ఆయన పక్కన వచ్చి కూచుంది.

సూర్యుడు అవతలి మిద్దెల వెనక్కి దిగాడు. ఎరుపంతా ఒక్కసారి నేలకి అంటుకుని, ఎవరో చుట్టి తీసుకుపోయినట్టు పోయింది. మేస్త్రి లేచి లుంగీ దులుపుకున్నాడు. బావా, నీ నిజాయితీ నీ కూతుర్నే ముంచేట్టుంది, నాకు ఒక్క మాట చెప్పు, ఇది నిలిచిందా లేదా అన్నాడు.

"కూచో బావమరిదీ" అన్నాడు ఎండాయన.

ముగ్గురూ కూచున్నారు. ఎండ పోయాక మిగిలిన వెలుగు ఎక్కడినుంచి వస్తుందో తెలియదు. నీడలు లేవు. మిద్దెలు, తీగలు, వాళ్ళ చేతులు అన్నీ పలచటి నీలంలో మునిగి, నీళ్ళ అడుగున ఉన్నట్టున్నాయి. వీధి చప్పుడు కూడా దూరంగా, నీళ్ళలోంచి వచ్చినట్టు వస్తోంది. సాక్షి ముల్లు నేలకి దిగింది. నల్లపలక ముల్లు సున్నా మీద పడుకుంది. మేస్త్రి తట్టి చూశాడు, లేవలేదు. కూతురి పలక ముల్లు మాత్రం సున్నాకి కాస్త పైన సన్నగా వణుకుతోంది. నిద్రపోయిన ఇంట్లో ఒక్కరు మేలుకుని ఉన్నట్టు.

మేస్త్రి చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత కాయితం అడిగి తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, పైనుంచి కిందికి చదివాడు. మబ్బులో నల్లదానికంటే మేలు. నడినెత్తి ఎండలో నలభై పైన. సాయంత్రపు ఎర్రెండలో నష్టం. నీడపట్టున మళ్ళీ లాభం. నీడలో ఉండే ఇళ్ళు ఎన్ని లేవు, మబ్బులో బతికే ఊళ్ళు ఎన్ని లేవు అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఇన్నాళ్ళూ అన్నిటినీ నడినెత్తి ఎండలో నిలబెట్టి తూచాం.

"బల్ల ఎక్కడికీ పోదు, పిల్లా. రేపు పొద్దున వచ్చి కూచో."

కూతురు తండ్రి మోచేతి మీద చెయ్యి వేసింది.

ఎండాయన జేబులోంచి నల్లగది తాళంచెవి తీసి మేస్త్రి ముందు పెట్టాడు. మేస్త్రి దాన్ని చూసి, ఆయన మొహం చూసి, రెండో కన్ను కూడా చేయించుకుని రా బావా, అప్పుడు ఇస్తాను, అందాకా అమ్మాయి రాస్తుంది, నువ్వు పక్కన కూచుని తప్పులు పట్టు అన్నాడు. పొడుగాయన సంగతి కూడా అప్పుడే వచ్చింది. అతను ఇప్పుడు ఎక్కడో గడియారాలు బాగుచేస్తున్నాడట. కబురు పంపుదామన్నాడు మేస్త్రి. కబురు కాదు, నేనే వెళ్ళి చెబుతానన్నాడు ఎండాయన. అతను క్షమిస్తాడో లేదో ఆయన అడగలేదు. మేస్త్రీ చెప్పలేదు.

మేస్త్రి మెట్లు దిగి వెళ్ళాడు. కాయితం మీద ఇంకో గీత ఖాళీ ఉంది. ఎండాయన పెన్సిలు ఆనించాడు గానీ, ఆ వెలుగులో అంకె కనిపించలేదు. పెన్సిలు కూతురికిచ్చాడు. ఆమె మీటరు మీదికి వంగి, ముల్లుని చూసి, ఇది గీతకి గీతకి మధ్య ఉంది, దీనికి అంకె లేదు, ఏం రాయను నాన్నా అంది.

"సున్నా కాదు అని రాయి."

ఆమె రాసింది.